ఐదో స్థలం దగ్గర ఆగిన అమ్మమ్మ

(వ్యాస పరంపర – 9వ భాగం)



ఈ వారం వ్యాసం ఒక పిల్ల అడిగిన ప్రశ్నతో మొదలైంది. మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మనపిల్లే, ఆర్సీయం కుటుంబం. ఒక నవల చదివి రమ్మన్నానని క్లాసు అయ్యాక నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మేడమ్, ఇది మేం చదవచ్చా? ఫాదర్‌గారిని అడిగి చదవమంది మా అమ్మ."

చదువమ్మా, ఏం పర్లేదు అని పంపేశాను. కానీ ఆ "చదవచ్చా" అనే మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. ఎందుకంటే పదహారేళ్ల వయసులో నేనూ అదే అడిగాను. సిస్టర్ల హాస్టల్లో ఉండేదాన్ని. ఆదివారం టీవీలో సినిమా వస్తే ముందు ఒక సిస్టర్ వచ్చి కాసేపు చూసి, కూర్చోమనో కట్టేయమనో చెప్పేవారు. పాటలో హీరోయిన్ తడిస్తే టీవీ ఆగిపోయేది. అదే సినిమాలో పాలేరును చెట్టుకు కట్టేసి కొడుతుంటే మాత్రం ఆగేది కాదు. అప్పుడు నాకది వింతగా అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

సినిమానీ సాహిత్యాన్నీ కతోలిక కళ్లజోడుతో చూడడం అంటే ఏమిటి? ఈ వారం దాని చరిత్ర చెప్పుకుందాం. ఆ కళ్లజోడు నాకు పుట్టుకతో వచ్చింది. దాన్ని పూర్తిగా పారేయలేను. అలాగని తుడవకుండా పెట్టుకోనూలేను.

1

ముందు మా అమ్మమ్మ గురించి చెప్పాలి.

మా అమ్మమ్మకు అక్షరం రాదు. పల్నాడులో ఒక ఊరు, మాదిగపల్లె. ఆమె చూసిన మొదటి సినిమా మా ఊరి గుడి గోడల మీద ఉంది. కతోలిక గుడికి వెళ్లినవాళ్లకు తెలుసు. లోపల రెండు పక్కలా గోడలకు పద్నాలుగు పటాలు ఉంటాయి. యేసుకు మరణశిక్ష వేయడంతో మొదలై సమాధి చేయడంతో ముగుస్తాయి. దాన్ని సిలువ మార్గం అంటాం. ఒక్కో పటం ఒక్కో స్థలం. తపస్సుకాలంలో, అంటే ఈస్టరు ముందు నలభై రోజుల్లో, శుక్రవారం శుక్రవారం ఒక్కో స్థలం దగ్గర ఆగి మోకరించి ప్రార్థన చెప్తూ ముందుకు పోతారు. ఫ్రాన్సిస్ సభ సన్యాసులు దీన్ని ప్రపంచమంతా తిప్పారు. స్థలాలు పద్నాలుగే అని 12వ క్లెమెంట్ పోపు 1731లో ఖాయం చేశాడు. చదువురాని జనానికి కథ చెప్పడానికి పద్నాలుగు ఫ్రేములు. సినిమా పుట్టడానికి నూట అరవై ఏళ్ల ముందే మా గోడల మీదికి రీలు ఎక్కిందన్నమాట.

అమ్మమ్మ అన్ని స్థలాల దగ్గరా మోకరించేది. ఐదో స్థలం దగ్గర మాత్రం లేవడానికి ఆలస్యమయ్యేది. ఐదో పటంలో కురేనే సీమోను ఉంటాడు. యేసు సిలువ మోయలేక తూలుతుంటే, పొలం నుంచి వస్తున్న ఈ మనిషిని సైనికులు పట్టుకుని మోయిస్తారు. ఒకసారి అడిగాను, ఇక్కడే ఎందుకు అంతసేపు ఆగుతావని. "ఈయన మనోడేనే. పని చేసుకుని ఇంటికి పోతుంటే పట్టుకున్నారు. మా నాయన్నీ ఇట్టాగే పట్టుకునేవాళ్లు" అంది.

వాళ్ల నాన్న ఊరి వెట్టివాడు. సర్కారు మనిషి ఊళ్లోకొస్తే పెట్టెలు మోయాలి. మోతుబరి ఇంట్లో పెళ్లయినా చావయినా పొద్దూ మాపూ అని లేకుండా పరుగెత్తాలి. కూలి లేదు, కాదనే హక్కు లేదు.

పీహెచ్‌డీ రోజుల్లో నాకు ఒక సంగతి తెలిసింది. మార్కు, మత్తయి సువార్తల గ్రీకు మూలంలో సీమోనును బలవంతపెట్టారు అని చెప్పడానికి వాడిన క్రియ మామూలు మాట కాదు. పారసీక సామ్రాజ్యంలో రాజుగారి టపా కోసం దారిన పోయే మనుషుల్నీ పశువుల్నీ పట్టి పని చేయించుకునే పద్ధతి నుంచి పుట్టింది. అంటే అచ్చంగా వెట్టి. నేను నిఘంటువులు తిరగేసి కనుక్కున్నదాన్ని అమ్మమ్మ పటం చూసి పట్టుకుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఆ ఐదో స్థలం దగ్గరే ఉంది. యేసు మోసిన సిలువ ఆయన ఒప్పుకుని మోసింది, అది త్యాగం. సీమోను మోసిన సిలువ మెడ మీద పెట్టింది, అది వెట్టి. పటంలో రెండూ ఒకే దుంగ. చూసే కంటికి ఈ తేడా తెలియకపోతే వెట్టి కూడా త్యాగంలాగే కనిపిస్తుంది.

2

ఇప్పుడు ఆ "చదవచ్చా" దగ్గరికి వద్దాం. దానికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

1559లో 4వ పౌలు పోపు కాలంలో రోము నుంచి నిషిద్ధ గ్రంథాల జాబితా వెలువడింది. కూర్పు మీద కూర్పు వస్తూ 1948 దాకా సాగింది. 1966లో రద్దయింది. అందులో గెలీలియో ఉన్నాడు. జోలా నవలలన్నీ ఉన్నాయి. విక్టర్ హ్యూగో "లే మిజరబుల్స్" కూడా 1864లో ఎక్కి 1959 దాకా ఉంది.

ఒక్క క్షణం ఆగండి. రొట్టె ముక్క దొంగిలించి జైలుకెళ్లిన పేదవాడి కథ అది. వాడిని మనిషిగా చూసిన మొదటి మనిషి ఒక బిషప్పు. అదే కథ 1950లో "బీదలపాట్లు" పేరుతో నాగయ్య గారి నటనతో తెలుగు సినిమాగా వచ్చింది. మనవాళ్లు తెర ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న రోజుల్లో ఆ నవల రోము జాబితాలో నిషిద్ధంగానే ఉంది. మరి హిట్లర్ "మైన్ కాంఫ్"? అది ఆ జాబితాలోకి ఎన్నడూ ఎక్కలేదు.

ఇది చెప్పి కతోలికుల్ని ఎగతాళి చేయడం నా పని కాదు. మా అమ్మానాన్నా ఇంకా ఆ గుడికే వెళ్తారు. నా ప్రశ్న వేరు. గుమ్మం దగ్గర కూర్చున్న ఆ కాపలా కన్ను దేన్ని చూడ్డానికి అలవాటు పడింది? దేవదూషణను చూస్తుంది, పడకగదిని చూస్తుంది, గురువుల పరువును చూస్తుంది. పాలేరును కట్టేసిన చెట్టు దానికి ఆనదు.

సినిమా వచ్చాక ఆ కన్ను అమెరికా చేరింది. 1930లో హాలీవుడ్ తనకు తాను ఒక నియమావళి రాసుకుంది. దాన్ని రూపొందించడంలో ముఖ్యులు ఇద్దరూ కతోలికులే. ఒకరు సినీ పరిశ్రమ పత్రికల ప్రచురణకర్త మార్టిన్ క్విగ్లీ, ఇంకొకరు జెస్యూట్ గురువు డేనియల్ లార్డ్. 1934 నుంచి దాన్ని గట్టిగా అమలు చేసిన జోసెఫ్ బ్రీన్ కూడా కతోలికుడే. అదే ఏడు అమెరికా బిషప్పులు "లీజియన్ ఆఫ్ డీసెన్సీ" పెట్టారు. ప్రతి సినిమాకీ ఏ, బీ, సీ అని మార్కులు. సీ అంటే ఖండితం. గుళ్లల్లో జనం లేచి నిలబడి, చెడ్డ సినిమాలు చూడం అని ప్రమాణం చేసేవారు. 1936లో 11వ పయస్ పోపు సినిమా మీద ఏకంగా ఒక విశ్వలేఖ రాసి ఈ ఉద్యమాన్ని మెచ్చుకున్నాడు.

ఆ హాలీవుడ్ నియమావళిలో ఒక నిషేధం ఉంది. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య శారీరక సంబంధం తెర మీద చూపకూడదు. ఇది ఆ గురువు పుట్టించింది కాదు. పరిశ్రమ 1927లో వేసుకున్న జాబితాలోనే ఉంది. కానీ నీతి పేరుతో రాసిన పత్రంలో అదీ ఒక నీతిగా కూర్చుంది, ఎవరికీ అడ్డం అనిపించలేదు. ఈ నిషేధం మనకు కొత్తదా? మన ఊళ్లల్లో ప్రతి రచ్చబండకూ తెలిసిన రూలే. కులాంతర పెళ్లి చేసుకున్న పిల్లాడిని రైలు పట్టాల మీద వెతుక్కున్న జనం మనం. నీతి అనే మాట వినపడగానే మనం రెండుసార్లు ఆలోచించేది అందుకే.

ఇంకో ఉదాహరణ. రొసెలిని అనే ఇటలీ దర్శకుడు 1948లో "ది మిరకిల్" అనే చిన్న సినిమా తీశాడు. మేకలు కాచుకునే ఒక అమాయక పేదరాలు. దారిన పోయే దేశదిమ్మరిని చూసి పునీత జోజప్ప గారే వచ్చారనుకుంటుంది. వాడు ఆమెకు తాగించి వాడుకుని పోతాడు. తనకు గర్భం వచ్చిందని తెలిశాక అది దేవుడిచ్చిన బిడ్డ అని నమ్ముతుంది. ఊరంతా కలిసి ఆమెకు ఉత్తుత్తి కిరీటం పెట్టి ఊరేగించి ఎగతాళి చేసి తరుముతుంది. చివరికి కొండ మీద ఖాళీ గుడిలో ఒంటరిగా కంటుంది.

1950 చివర్లో న్యూయార్కులో అది విడుదలైతే, మరియ తల్లిని అవమానించారని కార్డినల్ స్పెల్‌మన్ దాన్ని ఖండించాడు. హాలు ముందు ధర్నాలు జరిగాయి. లైసెన్సు రద్దయింది. పంపిణీదారు బర్‌స్టిన్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1952లో కోర్టు, సినిమా కూడా భావప్రకటనే, దైవదూషణ పేరుతో ఆపడానికి వీల్లేదని తీర్పిచ్చింది. సినిమా స్వేచ్ఛ చరిత్రలో అది మైలురాయి.

నేను ఆ సినిమా చూసినప్పుడు నాకు దూషణ కనపడలేదు. మోసపోయి కడుపుతో ఉన్న ఒక పేద ఆడమనిషి, నవ్వే ఊరు కనపడ్డాయి. ఊరి నవ్వు మధ్యలో నడిచిన అలాంటి మనుషులు మా పల్లెలోనూ ఉన్నారు. వాళ్లెవరూ ఆ బాధను కోరుకోలేదు, అది వెట్టి. కార్డినల్ గారి కన్ను గుడిలో విగ్రహం పరువు చూసింది. బెత్లెహేములో సత్రంలో చోటు దొరకని నిండు గర్భిణి కథ మాది అని చెప్పుకునే మతం, కొండ మీద ఒంటరిగా కంటున్న ఆడమనిషిని చూసి గుర్తుపట్టలేకపోయింది.

3

అయితే కతోలిక చూపు అంటే ఇంతేనా? కాదు. ఇంతే అయితే ఈ వ్యాసం రాయను.

ఆ మతంలో ఇంకో కన్ను ఉంది. నీళ్లు, నూనె, రొట్టె, ద్రాక్షరసం, కొవ్వొత్తి, మట్టి. వీటిల్లో దేవుణ్ణి చూడమని చెప్పే కన్ను. ఆండ్రూ గ్రీలీ అనే అమెరికా గురువు, ఆయన సామాజిక శాస్త్రవేత్త కూడా, దీన్నే కతోలిక ఊహాశక్తి అన్నాడు. మనిషి ఒంటినీ వస్తువునూ మైల అనకుండా వాటిలోంచే పవిత్రతను వెతకడం. ఒంటినే మైల అన్న సమాజంలో పుట్టిన మనకు ఇది చిన్న విషయం కాదు. చనిపోయిన గొడ్డును ముట్టుకున్న చెయ్యి ముందుకు చాస్తే, అందులో సత్ప్రసాదం పెట్టి ఇది దేవుని శరీరం అన్న మాట మా తాతలకు ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి.

ఆ కన్ను సినిమాలో ఎంత దూరం వెళ్లగలదో చూపించినవాడు ఆస్తికుడు కాదు. పాసొలిని. మార్క్సిస్టు, కవి, స్వలింగ ప్రేమికుడు. చర్చీ వద్దంది, కమ్యూనిస్టు పార్టీ కూడా బయటికి నెట్టింది.

1963లో ఆయన "లా రికోత్తా" అని అరగంట సినిమా తీశాడు. క్రీస్తు సిలువ మరణం మీద సినిమా షూటింగ్ జరుగుతుంటుంది. అందులో మంచి దొంగ వేషం వేసే ఒక ఎక్స్‌ట్రా పేరు స్త్రాచ్చి. అంటే గుడ్డపీలికలు అని అర్థం. తనకిచ్చిన భోజనం పెళ్లాం పిల్లలకు పెట్టి ఆకలితో ఉంటాడు. ఎలాగో డబ్బు దొరికి జున్ను కొనుక్కుని ఆబగా తింటాడు. షూటింగువాళ్లు నవ్వుతూ ఇంకా ఇంకా తినిపిస్తారు. చివరికి కెమెరా ముందు సిలువ మీదే నిజంగా చచ్చిపోతాడు. ఈ సినిమాకు రాజ్యమతాన్ని కించపరిచాడని పాసొలినికి నాలుగు నెలల శిక్ష వేశారు.

మిత్రులారా, ఐదో స్థలం గుర్తొచ్చిందా? అందంగా రంగులద్దిన సిలువ సీనులో, కూలికి వచ్చినవాడి ఆకలి ఎవరికీ పట్టలేదు. వాడు చనిపోతేనే వాడు కూడా ఉన్నాడని తెలిసింది.

ఆ మరుసటి ఏడే, 1964లో, అదే పాసొలిని "మత్తయి సువార్త" తీశాడు. దాని వెనక చిన్న కథ ఉంది. 1962 అక్టోబరులో ఆయన అసీసీలో ఒక కతోలిక సంస్థ అతిథిగా ఉన్నాడు. 23వ జాన్ పోపు ఊళ్లోకి వస్తున్నాడని రోడ్లన్నీ జనం. గదిలో చిక్కుకుపోయి, చేతికందిన సువార్త తీసి ఏకబిగిన చదివాడు. సినిమాను తర్వాత ఆ పోపు స్మృతికే అంకితమిచ్చాడు.

పాలస్తీనా వెళ్లి చూశాడు, నచ్చలేదు. చివరికి దక్షిణ ఇటలీలో మతేరా ఎంచుకున్నాడు. అక్కడ పేదలు కొండ గుహల్లో పశువులతో కలిసి బతికేవాళ్లు. దేశానికే సిగ్గుచేటని 1952లో చట్టం చేసి వాళ్లను ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. అలాంటి ఊళ్లో, ఆ పల్లెజనం మొహాలతోనే సువార్త తీశాడు. క్రీస్తు వేషం వేసింది 19 ఏళ్ల స్పెయిన్ విద్యార్థి, నటుడు కూడా కాదు. వయసు మళ్లిన మరియ వేషంలో పాసొలిని సొంత తల్లి. సంగీతంలో బాఖ్ పక్కనే అమెరికా నల్లజాతి పాట, కాంగో పూజాగీతం వినిపిస్తాయి. ఆ క్రీస్తు బుజ్జగించడు. కోపంగా, వేగంగా నడుస్తూ, మన సభల్లో వక్తలాగా మాట్లాడతాడు.

మతేరా ఉన్న ఆ ప్రాంతం గురించే కార్లో లేవి 1945లో ఒక పుస్తకం తెచ్చాడు. "క్రీస్తు ఎబోలీ దగ్గరే ఆగిపోయాడు" అని దాని పేరు. లేవి యూదుడు, డాక్టరు, చిత్రకారుడు. ముస్సోలినీ ప్రభుత్వం 1935లో అక్కడికి ప్రవాసం పంపింది. ఎబోలీ అనేది రైలూ రోడ్డూ లోపలి ఊళ్ల వైపు రాకుండా మళ్లిపోయే చోటు. ఆ పేదల భాషలో క్రైస్తవుడు అంటే మతం కాదు, మనిషి అని అర్థం. క్రీస్తు మా దాకా రాలేదు అని వాళ్లంటే, మమ్మల్ని మనుషుల్లో లెక్కేయలేదు అని. మన ఊళ్లల్లో కూడా రోడ్డు ఎక్కడ ఆగుతుందో, కరెంటు స్తంభం ఏ బజారు దాకా వస్తుందో మీకు నేను చెప్పాలా?

వెనిస్ చిత్రోత్సవంలో ఆ సినిమాకు అంతర్జాతీయ కతోలిక సినిమా సంఘం బహుమతి ఇచ్చింది. నిన్న శిక్ష పడ్డవాడికి ఇవాళ బహుమతి. 1995లో సినిమాకు నూరేళ్లయిన సందర్భంగా వాటికన్ 45 సినిమాల జాబితా వేసింది. మతం, విలువలు, కళ అని మూడు భాగాలు. మతం కింద పాసొలిని సినిమా ఉంది. 2014లో వాటికన్ పత్రిక, క్రీస్తు మీద వచ్చిన సినిమాల్లో బహుశా ఇదే గొప్పదని రాసింది. నిషేధాల జాబితా నుంచి, చూడండి అనే జాబితా దాకా వచ్చారు. మంచి ప్రయాణమే, ఒప్పుకుంటాను.

కానీ ఆ 45లోనే, విలువల కింద, అటెన్‌బరో "గాంధీ" కూడా ఉంది. 1982 నాటి ఆ సినిమాలో అంబేడ్కర్ పాత్రే లేదు. పూనా ఒడంబడిక జరిగిన దేశం కథ, అంబేడ్కర్ లేకుండా మూడు గంటలు. రోములో ఎవరికీ అది లోటనిపించలేదు. కన్ను మారింది గానీ ఐదో స్థలం ఇంకా మసకగానే ఉంది.

4

మసక ఎక్కణ్ణుంచి వచ్చింది? అద్దం మీద మన దేశపు దుమ్ము కూడా ఉంది.

తమిళనాడు తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళంలో 1870ల్లో కట్టిన ఒక కతోలిక గుడి ఉంది. పైనుంచి చూస్తే ప్యాంటులా ఉంటుంది. రెండు కాళ్లు, కలిసేచోట పూజాపీఠం. ఒక కాలు వెల్లాలర్లకు, ఇంకోటి నాడార్లకు, మధ్యలో గోడ. 1910 ప్రాంతంలో గోడ కూలగొడితే వెల్లాలర్లు కోర్టుకెక్కారు. పాత కథ అనుకుంటున్నారా? విల్లుపురం వైపు ఎరైయూర్‌లో దళిత కతోలికులు మాకు వేరే విచారణ కావాలి అని అడిగినందుకు 2008 మార్చిలో గొడవలై పోలీసు కాల్పుల దాకా వెళ్లింది.

మన తెలుగు నేల మీద కూడా అంతే. 18వ శతాబ్దంలో జెస్యూట్ గురువులొచ్చినప్పుడు ముందు చేరింది రెడ్లు. మనవాళ్లు గుంపులుగా చేరింది చాలా తర్వాత. మేం వచ్చేసరికి ముందు బెంచీలు నిండిపోయాయి. మా ఊళ్లో అమ్మమ్మ జీవితాంతం వెనక చాప మీద కూర్చుంది. గుడి ఒకటే, సమాధుల దొడ్లు రెండు.

ఈ చూపును సాహిత్యంలో మొదట బద్దలు కొట్టింది మనలాంటి ఒక ఆడమనిషి. బామ. 1992లో తమిళంలో "కరుక్కు" రాసింది. పరయ కుటుంబం, కతోలిక కుటుంబం. మన పిల్లలకు చదువు చెప్పాలని మఠంలో చేరి సన్యాసిని అయింది. మఠంలో డబ్బున్నవాళ్ల పిల్లలకు జరిగే సేవలూ, తనవాళ్లు ఊడ్చే వరండాలూ చూసి, ఏడేళ్ల తర్వాత బయటికొచ్చింది. చేతిలో డబ్బు లేదు, ఉద్యోగం లేదు. ఉన్నది కథ.

కరుక్కు అంటే తాటిమట్టకు రెండు వైపులా ఉండే రంపపు అంచు. తాటిమట్టలు మోసిన ప్రతి మనిషికీ ఆ గీతలు తెలుసు. బైబిల్లో హెబ్రీయులకు రాసిన లేఖలో దేవుని వాక్యం రెండంచుల కత్తి అని ఉంటుంది. బామ ఆ రెంటినీ ఒకటి చేసింది. ఎంత కతోలికమైన ఊహో చూడండి! చెట్టు మట్టలో వాక్యాన్ని చూసింది. అదే చూపుతో గుడిని కూడా కోసింది. విధేయత, వినయం, సహనం అని నేర్పిన పాఠాల్లో క్రీస్తు న్యాయం ఎక్కడ దాచేశారని అడిగింది. అంటే నేననే మాటల్లో, త్యాగం అని చెప్పి మాతో వెట్టి మోయించారు అంది.

రాయడానికి ఆమె మతాన్ని మొత్తం పారేయలేదు. అమ్మమ్మ పటాన్ని పారేయలేదు. ఇద్దరూ దాని ముందు ఎక్కువసేపు ఆగారు, అంతే.

5

నా చిన్నప్పుడు మా పల్లెలో తెల్లగుడ్డ కట్టి "కరుణామయుడు" వేశారు. 1978 నాటి సినిమా. విజయచందర్ క్రీస్తు. దర్శకుడు భీంసింగ్. స్క్రీన్‌ప్లేలో ఫ్రాన్సిస్ సభ గురువు క్రిస్టఫర్ కొయెల్హో చెయ్యి ఉంది. సిలువ మోసే పాట రాసింది మన గుంటూరు సీమ మోదుకూరి జాన్సన్. పాట మొదలవగానే అమ్మమ్మ చెప్పులు విప్పి మట్టిలో మోకరించింది. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను.

ఆ ఏడుపు గురించి ఇప్పుడు నాకు రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, అది అబద్ధం కాదు. దెబ్బలు తినే దేవుణ్ణి చూసి, దెబ్బలు తెలిసిన జనం ఏడ్చారు. రెండు, తెల్లారి మళ్లీ అదే కూలికి అదే చేలోకి వెళ్లారు. మొగుడు కొడుతున్నాడని మా పిన్ని ఏడిస్తే, నీ సిలువ నువ్వు మోయాలమ్మా అని చెప్పి పంపిన పెద్దమనుషులున్నారు. ఆమె ఒప్పుకుని ఎత్తుకున్న సిలువా అది? మెడ మీద ఎవరు పెట్టారో అడగకుండా మోయమనడం సైనికుడి భాష, క్రీస్తు భాష కాదు.

కాబట్టి మా కాలేజీ పిల్లకు ఇప్పుడు సరిగ్గా జవాబు చెప్తాను. "చదవచ్చా" అని అడగకు తల్లీ. సినిమా చూసినా నవల చదివినా ఈ మూడు అడుగు. ఇందులో సిలువ మోస్తున్నది ఎవరు? వాళ్లే ఎత్తుకున్నారా, ఎవరైనా పెట్టారా? పెట్టినవాడి మొహం ఫ్రేములో ఉందా, లేక పక్కకు తప్పించారా? దొర కోసం ప్రాణాలిచ్చే నమ్మినబంటు పాత్ర చూసినప్పుడు అడుగు. పల్లె కాలిపోతే హీరో వచ్చి కన్నీళ్లు తుడిచే సీను చూసినప్పుడు అడుగు. ఆదివారం పీఠం మీంచి వచ్చే ప్రసంగాన్ని కూడా అడుగు.

భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ, చర్చిలో అంటరానితనం ఉందని తానే ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటివారు, దళితుల్లో మొదటివారు. మా ఇంట్లో ఆ రోజు స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. వెనక చాప ఎప్పుడు తీస్తారని కూడా అడిగాను.

రాజ్యం లెక్క ఇంకోటి ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇప్పటికీ బయటే. గుడిలో మేం మాదిగలం, ఆఫీసులో మేం క్రైస్తవులం. మా ఇళ్లల్లో ఒక్కో మనిషికి రెండేసి పేర్లు. గుడి రికార్డులో ఒకటి, బడి రికార్డులో ఒకటి. నా సర్టిఫికెట్లో ఏముందో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో మీలో చాలామందికి తెలుసు. పట్టుకుని మోయించేవాళ్లు ఇంకా దారి కాస్తూనే ఉన్నారు.

అమ్మమ్మ పోయి ఆరేళ్లు. రెండో దొడ్లోనే పూడ్చాం. ఆ రోజు గుడి ఖాళీగా ఉంటే లోపలికెళ్లి ఐదో స్థలం దగ్గర నిలబడ్డాను. పటం మీద రంగు పోయింది. సీమోను మొహం సరిగా కనపడటం లేదు. సైనికుడి చెయ్యి మాత్రం అతని భుజం మీద ఇంకా స్పష్టంగా ఉంది.

మీ ఊరి గుళ్లో మీ అమ్మమ్మలు ఎక్కడ కూర్చున్నారో, ఏ పటం దగ్గర ఆగారో, ఏం అన్నారో రాయండి. అచ్చుతప్పులతో రాసినా పర్లేదు, నేను చదువుతాను. మన కరుక్కులు అక్కణ్ణుంచే రావాలి.

వచ్చే వారం: మంగళగిరి ఆనందకవి "వేదాంతరసాయనం". తెలుగులో క్రీస్తు కథ చెప్పిన ఆ తొలి ప్రబంధంలో మన వాడ ఉందా లేదా చూద్దాం.

జై భీమ్.